డ్రూయిడ్లు నిజంగా అంత పాతవాళ్లా?

ప్రశ్న: మా అబ్బాయి బ్రిస్టల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య అక్కడ ప్రకృతిని కొలిచే డ్రూయిడ్ల గుంపులో చేరాడు. ఇంటికి పాఠాలు వస్తాయట, సెలవు రోజుల్లో అందరూ చెట్ల మధ్య గుండ్రంగా నిలబడి ఏదో చేస్తారట. అడిగితే "అమ్మా, ఇది రెండు వేల ఏళ్లకు పైగా తెగకుండా వస్తున్న సంప్రదాయం, మన వేదాల లాంటిదే" అంటాడు. మావారేమో ఇదంతా మొన్నమొన్న పుట్టించిందని కోప్పడతారు. ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ. ఎవరి మాట నిజం? పూర్వం వాళ్లు నరబలి ఇచ్చేవాళ్లని కూడా ఎక్కడో చదివాను, అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దామమ్మా. ఇప్పటి డ్రూయిడ్లు ఏ ప్రాణినీ బలి ఇవ్వరు. చెట్లు, నీళ్లు, రుతువులు, కవిత్వం, ధ్యానం, వాళ్ల లోకమంతా అదే. చాలా సంఘాలు ఉన్న మతం వదలమని అడగవు, సభ్యుల్లో క్రైస్తవులున్నారు, బౌద్ధులున్నారు, దేవుణ్ణి నమ్మనివాళ్లూ ఉన్నారు. మీ అబ్బాయి పొద్దున దీపం పెట్టుకుని సాయంత్రం అక్కడికి వెళ్లినా ఎవరూ కాదనరు. 2010లో ఇంగ్లాండ్, వేల్స్ చారిటీ కమిషన్ ఒక డ్రూయిడ్ సంస్థను మతపరమైన ధర్మసంస్థగా గుర్తించింది కూడా.

ఇక ఎవరి మాట నిజమంటే, వయసు విషయంలో మీవారి మాటే నిజానికి దగ్గర. కానీ ఆయన కోపానికి మాత్రం కారణం లేదు.

పాత డ్రూయిడ్లు ఉన్నారన్నది నిజమే. కెల్టిక్ భాషలు మాట్లాడే జనాల పూజారులు, పండితులు వాళ్లు, ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతమైన గాల్‌లో, బ్రిటన్‌లో, ఐర్లాండ్‌లో ఉండేవాళ్లు. గాల్ మీద దండెత్తిన జూలియస్ సీజర్ వాళ్ల గురించి రాశాడు: తగాదాలు తీర్చేవాళ్లని, యుద్ధానికి వెళ్లనక్కర్లేదని, పన్నులు కట్టనక్కర్లేదని, కొందరు ఇరవై ఏళ్లపాటు పద్యాలు కంఠతా పట్టేవాళ్లని, విద్యను రాతలో పెట్టడం తప్పనుకునేవాళ్లని. చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. వాళ్లు ఒక్క అక్షరం రాసి పెట్టలేదు, తర్వాత నేర్చుకున్నవాళ్లే లేకుండా పోయారు. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సైన్యం వేల్స్ పక్కనున్న ఆంగ్లెసీ దీవి మీద పడి వాళ్ల పవిత్ర వనాలను నరికేసిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఐర్లాండ్‌లో ఇంకొన్ని వందల ఏళ్లు నిలిచారు గానీ, క్రైస్తవం బలపడేకొద్దీ అక్కడా కనుమరుగయ్యారు. మనకు మిగిలింది గ్రీకులు, రోమన్లు రాసినవి, ఆ తర్వాత ఐరిష్ క్రైస్తవ సన్యాసులు రాసినవి. నరబలి ముచ్చట కూడా ఆ గ్రీకు, రోమన్ రాతల్లోదే, అందులో ఎంత నిజం, ఎంత శత్రువు మీద వేసిన నింద అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు.

ఉన్న కాస్తలో చాలామందికి తెలిసిన దృశ్యం ఒకటుంది, రోమన్ రచయిత ప్లినీ రాసింది. మన దగ్గర చెట్ల మీద బదనిక పెరుగుతుంది కదా, ఆ జాతి మొక్కే అక్కడ అరుదుగా ఓక్ చెట్టు మీద పెరుగుతుంది. చంద్రుడు వచ్చిన ఆరో రోజున తెల్లబట్టలు కట్టుకున్న డ్రూయిడ్ చెట్టెక్కి బంగారు కొడవలితో దాన్ని కోస్తాడు, కిందవాళ్లు తెల్ల గుడ్డలో పట్టుకుంటారు, తర్వాత రెండు తెల్ల ఎడ్లను బలిస్తారు. ఇప్పటి డ్రూయిడ్ల తెల్ల అంగీల వెనక ఉన్న పెద్ద ఆధారం ఈ ఒక్క వర్ణనే. అప్పుడు వాళ్లేం పాడారో, ఏ దేవుణ్ణి తలుచుకున్నారో అందులో లేదు.

మేడారం సంగతి మీకు నేను చెప్పాలా. చిలకలగుట్ట మీద నుంచి సమ్మక్క తల్లిని కుంకుమభరిణె రూపంలో ఎలా తేవాలో కోయ పూజారులైన వడ్డెలకు ఏ పుస్తకమూ నేర్పలేదు, తండ్రి చేస్తుంటే కొడుకు పక్కన నిలబడి నేర్చుకున్నాడు. చేతి నుంచి చేతికి వచ్చిందంటే అదీ. డ్రూయిడ్ల విషయంలో ఆ చేతుల వరసే లేదు. ఐర్లాండ్‌లో చివరి డ్రూయిడ్లకీ లండన్‌లో మొదటి కొత్త డ్రూయిడ్లకీ మధ్య వెయ్యేళ్ల ఖాళీ ఉంది.

ఆ ఖాళీని నింపినవాళ్లలో పెద్దవాడు వేల్స్ కవి ఎడ్వర్డ్ విలియమ్స్, అందరూ యోలో మోర్గాన్నుగ్ అంటారు. రాళ్లు చెక్కే పనివాడు. 1792 జూన్ 21న లండన్‌లో ప్రిమ్‌రోజ్ హిల్ మీద కొందరు వెల్ష్ కవులను పోగేసి, చిన్న రాళ్లతో వలయం పేర్చి, ఇది ప్రాచీన డ్రూయిడ్ల సభ, మా ప్రాంతంలో తెగకుండా వస్తోంది అని ప్రకటించాడు. మీ అబ్బాయి చెప్పే "తెగకుండా" అన్న మాటకు బలమిచ్చింది ఈయనే. అది కల్పితం. ఆయన నిజంగానే పాత వెల్ష్ రాతప్రతులు ఎన్నో వెతికి నకలు రాసుకున్నాడు, వాటి మధ్యలో తను రాసినవి కూడా పెట్టి పాతవేనన్నాడు. 20వ శతాబ్దంలో జి.జె. విలియమ్స్ అనే వెల్ష్ పండితుడు ఏళ్ల తరబడి కూర్చుని పరిశోధిస్తే తప్ప ఏది పాతదో ఏది యోలోదో తేలలేదు. తన భాషను, తన కవులను ఇంగ్లీషువాళ్లు చిన్నచూపు చూస్తున్న కాలంలో, మాకూ ఇంత వంశం ఉందని చెప్పుకోవాలన్న ఆరాటం ఆయనది. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. అయినా చేసింది ఫోర్జరీయే.

మరి ఆ సభ ఏమైందంటే, 1819లో వేల్స్ కవుల పండుగ ఐస్టెడ్‌వాడ్‌తో కలిసింది, ఇవాళ్టికీ జరుగుతోంది. గెలిచిన కవిని వేదిక మీద నిలబెట్టి, పెద్ద ఖడ్గాన్ని ఒరలోంచి సగం లాగి, ప్రధాన డ్రూయిడ్ "శాంతి ఉందా?" అని మూడుసార్లు అడుగుతాడు. ప్రతిసారీ జనమంతా ఒక్క గొంతుతో "శాంతి" అంటారు, ఖడ్గం ఒరలోకి వెళ్లిపోతుంది. ఇదంతా యోలో పుట్టించిందని ఆ జనానికి బాగా తెలుసు. తెలిసే గొంతు కలుపుతారు. రెండు వందల ఏళ్లుగా ఒక భాషను నిలబెడుతున్న తంతు అది, రెండు వేల ఏళ్లని చెప్పుకోనక్కర్లేదు.

మీ అబ్బాయి చేసే పాఠాలు ఇంకా కొత్తవి. ఇంటికి పాఠాలు పంపే సంఘాల్లో పేరున్నది 1964లో రాస్ నికల్స్ స్థాపించింది. అందులోని బార్డ్, ఓవేట్, డ్రూయిడ్ అనే మూడు మెట్ల పేర్లకు గ్రీకు రచయిత స్ట్రాబో దగ్గర ఆధారం ఉంది, పాఠాలు మాత్రం ఈ కాలంవాళ్లు రాసినవే. ఎనిమిది పండుగల చక్రం కూడా అంతే. సావిన్ లాంటి నాలుగు పాత ఐరిష్ కథల్లో ఉన్నాయి, ఎనిమిదింటినీ ఒక చక్రంలో కూర్చింది 1950లలో. ఆ సంఘాల్లో బాగా చదువుకున్నవాళ్లు చాలామంది ఈ సంగతి వాళ్లే ఒప్పుకుంటారు. రొనాల్డ్ హటన్ అనే చరిత్రకారుడు ఇదంతా విడమరిచి రాశాక కూడా వాళ్లు ఆయన్ని శత్రువుగా చూడలేదు.

ఈసారి ఫోన్లో వాదించకండమ్మా. "అక్కడ నువ్వేం చేస్తావో చెప్పు బిడ్డా" అని అడగండి. వయసు లెక్క పక్కన పెడితే వాడు చెప్పుకోవడానికి చాలానే ఉంటుంది.

ప్రశ్న: డ్రూయిడ్లు పునర్జన్మ నమ్మారు, నోటితోనే చదువు చెప్పారు. అంటే మన దేశం నుంచే వెళ్లారని అనుకోవచ్చా?
– పీజీ విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, పోలికలు నిజమే. ఆత్మ ఒకరి నుంచి ఇంకొకరిలోకి వెళ్తుందని వాళ్లు బోధించారని సీజరే రాశాడు. కెల్టిక్ భాషలు, సంస్కృతం ఒకే భాషా కుటుంబం. అంతమాత్రాన ఇక్కడివాళ్లు అక్కడికి వెళ్లారని కాదు. ఆ భాషల మూలం రెండింటికన్నా వెనక ఎక్కడో ఉంది. పునర్జన్మ సంగతి చూస్తే, రుగ్వేదంలోనే అది స్పష్టంగా కనిపించదు, ఉపనిషత్తుల దాకా వస్తే గానీ తేటపడదు. మన దగ్గరే తర్వాత తేటపడిన ఆలోచనను మన దగ్గర నుంచి వాళ్లు పట్టుకెళ్లారని ఎలా అంటాం? రాత లేనిచోట కంఠతా పట్టడం ఎక్కడైనా ఉంటుంది, మన ఒగ్గు కథ చెప్పేవాళ్లు రాత్రంతా పుస్తకం లేకుండా చెప్పడం లేదూ.

ప్రశ్న: స్టోన్‌హెంజ్ దగ్గర డ్రూయిడ్లు పండుగ చేసే వీడియోలు చూశాం. మా దగ్గర దామరవాయిలో కూడా పాత రాతి గుళ్లున్నాయి. మా యూత్ అంతా కలిసి పున్నమికి అక్కడ పూజలు మొదలుపెట్టాలనుకుంటున్నాం. ప్రాచీన సంప్రదాయాన్ని బతికించినట్టు అవుతుంది కదా?
– తాడ్వాయి, ములుగు జిల్లా

జవాబు: ఇంగ్లాండ్‌లో పెద్ద రాళ్లు వలయంగా నిలబెట్టిన ఆ స్టోన్‌హెంజ్ డ్రూయిడ్లు కట్టింది కాదు. అక్కడ పని మొదలైంది క్రీ.పూ. 3000 ప్రాంతంలో, పెద్ద రాళ్లు నిలిపింది 2500 ప్రాంతంలో. సీజర్ డ్రూయిడ్ల గురించి రాసేనాటికి ఆ రాళ్లు నిలబడి రెండు వేల ఏళ్లు దాటిపోయింది. 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రే అనే ఆయన డ్రూయిడ్ల పనేమోనని ఊహించాడు, 1740లో విలియం స్టూక్లీ అనే ఇంకొకాయన పుస్తకం రాసి దాన్ని ఇంటింటికీ చేర్చాడు. కాలాలు తేల్చే పద్ధతులు వచ్చి అది తప్పని తేలాక కూడా జనం మనసులోంచి పోలేదు.

దామరవాయి రాళ్లకూ అలాగే ఎవరెవరి పేర్లో అంటుకున్నాయి. జనం రాకాసి గుళ్లంటారు. పక్కలకు బండలు నిలబెట్టి పైన మోయలేనంత పెద్ద బండ కప్పి కట్టినవి, పురావస్తు శాస్త్రం ప్రకారం అవి బృహత్ శిలాయుగం నాటి సమాధులు. ఎవరి సమాధులో, ఏం మంత్రం చదివి పూడ్చారో చెప్పేవాళ్లు లేరు. అక్కడ మీరు చేసే పూజ మీ పూజ అవుతుంది, వాళ్లది కాదు. చేసుకోవడం తప్పని నేననను. కానీ మొదటి ఏడాదే బ్యానర్ మీద "వేల ఏళ్ల సంప్రదాయం" అని రాయకండి, పదేళ్లయ్యేసరికి మీ పిల్లలు దాన్ని నిజమని నమ్ముతారు.

అన్నింటికన్నా ముందు చుట్టుపక్కల కోయ పెద్దల దగ్గరికి వెళ్లండి. ఆ గుట్ట గురించి వాళ్లేమనుకుంటారో, అక్కడ ఏం చేయొచ్చో ఏం చేయకూడదో అడిగి, వాళ్లు వద్దంటే మానేయండి. సరేనంటే పురావస్తు శాఖవాళ్లకు ఒక దరఖాస్తు పెట్టుకోండి. స్టోన్‌హెంజ్‌లో కూడా 2000 నుంచి వేసవి ఆయనాంతం నాడు జనాన్ని రాళ్ల మధ్యకు వదులుతున్నారు గానీ, రాళ్లు ఎక్కనివ్వరు. మీరూ బండల మీద పసుపు కుంకుమ, రంగులు పూయకండి, కొబ్బరికాయలు కొట్టకండి, కర్పూరం వెలిగించకండి, మసి పట్టిందంటే పోదు. గుప్తనిధులంటూ రాత్రిపూట గడ్డపారలతో వచ్చేవాళ్లు ఇలాంటి చోట్లను పాడు చేస్తున్నారు, యూత్ అంతా ఉన్నారు కాబట్టి ఆ కాపలా పని మొదలుపెట్టండి, దానికి పున్నమి దాకా ఆగక్కర్లేదు.