టెక్ సందేహాలు: నాలుగు డ్రైవ్‌లు పెడితే రెండే కనబడుతున్నాయి

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద సీసీ కెమెరాలు ఉన్నాయి. షెడ్డు పక్క గదిలో పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు సర్వర్ (లినక్స్) వేసి, 4 టీబీవి నాలుగు హార్డ్ డ్రైవ్‌లు పెట్టాం. రికార్డింగులు, మేత లెక్కలు అన్నీ అందులోనే. మొన్న కరెంటు పోయి వచ్చాక రెండే కనబడుతున్నాయి. ఆపి ఆన్ చేస్తే ఒక్కోసారి మూడు. మిగతావి పోయినట్టేనా? (ఆకివీడు నుంచి)

జవాబు: ‘ఒక్కోసారి మూడు’ అని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. చచ్చిన డ్రైవ్ పూటకోలా కనబడదు. రెండు డ్రైవ్‌లు ఒకేసారి పోవడం కన్నా, ఆ రెంటికీ కరెంటు ఇచ్చే వైరో, సాకెట్టో ఒకటే అయి ఉండటం ఎక్కువగా జరిగేది. కొత్త డ్రైవ్‌లకు ఇప్పుడే ఆర్డరు పెట్టకండి. ఫార్మాట్ జోలికి అసలే పోకండి.

ముందు అవి ఎవరికి కనబడటం లేదో తేల్చండి. ఆన్ చేస్తూనే డిలీట్ కీ (కొన్ని బోర్డుల్లో ఎఫ్2) నొక్కి బయాస్‌లోకి (లినక్స్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) వెళ్ళి సాటా పోర్టుల (డ్రైవ్‌ల డేటా కేబుళ్ళు తగిలించే సాకెట్లు) వరస చూడండి. అక్కడే లేకపోతే లినక్స్‌ను తిట్టి లాభం లేదు. కేబుల్, కరెంటు, పోర్టు, డ్రైవ్, ఈ నాలుగింటిలో ఒకటి. బయాస్‌లో ఉండి లినక్స్‌లో లేకపోతే సాటా మోడ్ చూడండి. పాత బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ (సీఆర్2032) అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా సెట్టింగులు మొదటికొస్తాయి. ఏహెచ్‌సీఐలో (డ్రైవ్‌లను విడివిడిగా చూపించే మోడ్) ఉన్నది కొన్ని బోర్డుల్లో రెయిడ్ మోడ్‌కు (డ్రైవ్‌లను కలిపి ఒకటిగా వాడే మోడ్) మారి కూర్చుంటుంది. గడియారం కూడా వెనక్కి పోయి ఉంటే అనుమానమే అక్కర్లేదు, బ్యాటరీ మార్చి మోడ్ సరిచేయండి. బయాస్ రెయిడ్‌నే ఎప్పటినుంచో వాడుతున్నవాళ్ళు మాత్రం ఆ మోడ్ ముట్టుకోవద్దు.

లినక్స్‌లోకి వచ్చాక ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కమాండ్‌ను పేరు, సైజు, మోడల్, సీరియల్ కాలమ్‌లతో నడపండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు బూట్‌కొకలా మారొచ్చు, వాటిని నమ్మకండి. డ్రైవ్ మీది స్టిక్కర్‌లో సీరియల్ నంబరు ఉంటుంది, దాన్నిబట్టే ఏది తప్పిపోయిందో చూడాలి. ఆ నంబరు చివరి నాలుగు అక్షరాలు మార్కరుతో డ్రైవ్ అంచున పెద్దగా రాసుకుంటే, మళ్ళీ మళ్ళీ టార్చిలైటు వేసి వెతుక్కునే పని తప్పుతుంది.

తరవాత కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ఏమంటోందో చూడండి. ‘సుడో డీమెసేజ్’ (కీబోర్డు మీద డీ, ఎమ్, ఈ, ఎస్, జీ) కొట్టి ‘ఏటీఏ’ ఉన్న లైన్లు ఏరుకోండి. ‘సాటా లింక్ అప్ 6.0 జీబీపీఎస్’ అంటే ఆ పోర్టుకు ఢోకా లేదు. ‘సాటా లింక్ డౌన్, ఎస్‌స్టేటస్ 0’ అంటే అవతలి చివర ఉలుకూ పలుకూ లేదు. ఖాళీ పోర్టులకూ ఇదే లైను వస్తుంది, కంగారు పడకండి. చూడాల్సినవి మధ్యలోవి: ‘లింక్ ఈజ్ స్లో టు రెస్పాండ్’, ‘కామ్‌రీసెట్ ఫెయిల్డ్’, ‘లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్ టు 3.0 జీబీపీఎస్’. డ్రైవ్ ఉందిగానీ కరెంటు చాలక తిరగలేకపోతోందనో, కేబుల్లో మాట తడబడుతోందనో వాటి అర్థం.

మీ విషయంలో నా అనుమానం కరెంటు మీదే. మూడున్నర అంగుళాల డ్రైవ్ తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లలో 12 వోల్టుల లైను మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ కలిపితే 8 ఆంపియర్లు, అంటే వంద వాట్లకు దగ్గర. వేగం అందుకున్నాక ఒక్కోదానికి 5 నుంచి 8 వాట్లు చాలు. ఇప్పుడు చెరువు దగ్గర ఏం జరుగుతుందో ఊహించండి. కరెంటు రాగానే ఏరియేటర్ల మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, వోల్టేజీ పడుతుంది, సరిగ్గా అప్పుడే సర్వర్ కూడా తనంతట తాను ఆన్ అవుతుంది. కెపాసిటర్లు ఎండిపోయిన పాత ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్ లోపలి కరెంటు సప్లై డబ్బా) ఆ దెబ్బను తట్టుకోలేదు. రెండు డ్రైవ్‌లు లేస్తాయి, రెండు లేవవు.

పరీక్ష తేలికే. సర్వర్ ఆపి, గోడ ప్లగ్గు పీకి, రెండు డ్రైవ్‌ల కరెంటు వైర్లు తీసి ఆన్ చేయండి. తరవాత ఆ రెంటినీ తీసి మిగతా రెంటికీ పెట్టి చూడండి. జతలుగా పెడితే అన్నీ కనబడి, నాలుగూ పెడితే తప్పిపోతుంటే తప్పు ఎస్‌ఎమ్‌పీఎస్‌దో, స్ప్లిట్టర్‌దో (ఒక కరెంటు వైరును రెండు మూడుగా చీల్చే ముక్క). ఒకే వైరుకు నాలుగూ తగిలించకుండా ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే రెండు వైర్లకు రెండేసి పంచండి. అయినా తేడా రాకపోతే ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చాల్సిందే. బయాస్‌లో ‘కరెంటు రాగానే ఆన్’ అనే సెట్టింగు ఆపేయండి. మోటార్లన్నీ కుదుటపడ్డాక, అయిదు నిమిషాలాగి చేత్తో ఆన్ చేసుకోవచ్చు. యూపీఎస్ పెట్టుకుంటే మరీ మంచిది, దాన్ని మాత్రం మోటార్ల లైను మీద పెట్టకండి.

ఒంటరిగా పెట్టినా ఒక డ్రైవ్ రాకపోతే డేటా కేబుల్ మార్చండి, తరవాత పోర్టు. ఒక్కో విడతకు ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది బాగుచేసిందో మీకే తెలియదు. తప్పు కేబుల్‌తో పాటు పోతే కేబుల్, డ్రైవ్‌తో పాటు పోతే డ్రైవ్. ఇంకొకటి: ఈమధ్య కొత్తగా ఎం.2 ఎస్‌ఎస్‌డీ (బోర్డు మీదే నేరుగా బిగించే చిన్న డ్రైవ్) ఏమైనా బిగించారా? చాలా బోర్డుల్లో ఆ స్లాటు నిండగానే ఒకటో రెండో సాటా పోర్టులు మూతపడతాయి. ఏవన్నది బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది.

ఉప్పుగాలి, తేమ ఉన్న గదిలో కనెక్టర్ల పళ్ళు నల్లబడతాయి. మెషీన్ ఆపి కేబుల్‌ను రెండు మూడుసార్లు పీకి పెడితేనే పై పొర పోయి కొన్నిసార్లు డ్రైవ్ కనబడుతుంది. ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు. గరుకు కాగితం, పెట్రోలు వద్దు. డ్రైవ్ పై మూత ఏ పరిస్థితిలోనూ తెరవకండి. అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు తీసి అలాంటిదే ఇంకో డ్రైవ్‌ది బిగించడం కూడా పనిచేయదు. ఆ డ్రైవ్‌కే ప్రత్యేకమైన లెక్కలు బోర్డు మీది చిప్పులో ఉంటాయి.

కనబడ్డాక వెంటనే ‘స్మార్ట్‌సీటీఎల్’ (డ్రైవ్ ఆరోగ్యం చెప్పే కమాండ్) నడపండి. 199వ నంబరు (సీఆర్‌సీ ఎర్రర్లు) పెరుగుతుంటే కేబుల్ తప్పు. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు, కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా అన్నదే చూసుకోవాలి. 5, 197, 198 (చెడిపోయిన సెక్టార్ల లెక్కలు) పెరుగుతుంటే డ్రైవ్‌కే రోజులు దగ్గరపడ్డాయి. మిగతా పనులు పక్కనపెట్టి ‘డీడీరెస్క్యూ’తో వేరే డ్రైవ్‌కు కాపీ చేయండి. టిక్కు టిక్కుమని చప్పుడొస్తే అదీ వద్దు, ఆపేసి డేటా రికవరీ వాళ్ళకు ఇవ్వండి.

నాలుగింటినీ కలిపి సాఫ్ట్‌వేర్ రెయిడ్ చేసి ఉంటే ఒక జాగ్రత్త. రెయిడ్ 5లో (ఒక డ్రైవ్ పోయినా తట్టుకునే పద్ధతి) రెండు తప్పిపోతే అర్రే (కలిపిన డ్రైవ్‌ల గుంపు) ఆగిపోతుంది, కానీ డేటా ఎక్కడికీ పోదు. కరెంటు సంగతి చక్కబెట్టి ‘ఎండీఏడీఎమ్’తో (సాఫ్ట్‌వేర్ రెయిడ్ కమాండ్) ‘ఎగ్జామిన్’ చేసి ఈవెంట్ అంకెలు (ఒక్కో డ్రైవ్ ఎంతవరకు రాసుకుందో చెప్పేవి) చూసి, ‘అసెంబుల్’ చేయండి. అంకెల్లో కొద్దిపాటి తేడా ఉంటే ‘ఫోర్స్’ కలపాల్సి రావచ్చు. ఎవరు చెప్పినా ‘క్రియేట్’ మాత్రం కొట్టకండి. అది పాత హెడర్ల (రెయిడ్ వివరాలు ఉండే చోటు) మీద కొత్తవి రాసేస్తుంది.

ప్రశ్న: మిల్లు లెక్కల కోసం సెకండ్ హ్యాండ్ ర్యాక్ సర్వర్ కొన్నాం. డ్రైవ్‌ల లైట్లు వెలుగుతున్నాయి, లినక్స్‌లో ఒక్కటీ లేదు. (తణుకు నుంచి)

జవాబు: మధ్యలో రెయిడ్ కార్డు కూర్చుంది. అది డ్రైవ్‌లను నేరుగా చూపించదు, వర్చువల్ డిస్క్ చేస్తేనే చూపిస్తుంది. డెల్ హెచ్730 లాంటి కార్డుల్లో హెచ్‌బీఏ మోడ్ ఉంటుంది, అందులో పెడితే విడివిడిగా కనబడతాయి. పాత హెచ్710లో ఆ సౌకర్యం లేదు, ఒక్కో డ్రైవ్‌కు ఒక్కో రెయిడ్ 0 (ఒక్క డ్రైవ్‌తోనే వర్చువల్ డిస్క్) చేసుకోవాలి. అలా చేస్తే లోపలున్నది పోతుంది. డేటా ఉన్న డ్రైవ్‌లు తెచ్చి పెట్టినప్పుడు ‘ఫారిన్’ (వేరే కార్డు మీద చేసినవి) అని చూపిస్తే ‘ఇంపోర్ట్’ నొక్కాలి, ‘క్లియర్’ కాదు.

ప్రశ్న: యూఎస్‌బీ డబ్బాలోంచి 8 టీబీ డ్రైవ్ తీసి సర్వర్‌లో పెడితే తిరగడమే లేదు. డబ్బాలో పెడితే బాగానే ఉంది. (అమలాపురం నుంచి)

జవాబు: డ్రైవ్ బాగుంది. కరెంటు కనెక్టరులో మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే ‘ఆగు’ అని అర్థం చేసుకునే రకం అది. డేటా కనెక్టరు వైపు నుంచి మొదటి మూడు పిన్నులను క్యాప్టన్ టేపుతో (సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో దొరికే పసుపుపచ్చ టేపు) సన్నగా కప్పండి. లేదంటే నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే వైరు వాడండి, దాంట్లో 3.3 వోల్టులు ఉండవు. వైర్ల మీద ప్లాస్టిక్ కరిగించి పోసిన రకం కొనకండి, లోపల షార్టయి కాలిపోయేవి అవే. విడి పిన్నులు గుచ్చిన రకం తీసుకోండి. తిరిగినా పార్టిషన్ కనబడకపోతే ఫార్మాట్ చేయొద్దు. కొన్ని డబ్బాలు సెక్టార్ సైజును మార్చి చూపిస్తాయి. తిరిగి డబ్బాలో పెట్టి డేటా తీసుకున్నాకే సర్వర్‌లోకి తెండి.

ప్రశ్న: పాడైన డ్రైవ్ తీసేశాక సర్వర్ పైకి రావడం లేదు. నిమిషంన్నర ఆగి ఎమర్జెన్సీ మోడ్ అంటోంది. (రాజోలు నుంచి)

జవాబు: ‘ఎఫ్ఎస్‌ట్యాబ్’లో (బూట్‌లో ఏ డ్రైవ్‌లు తగిలించాలో రాసి ఉండే ఫైలు) ఆ డ్రైవ్ లైను ఇంకా ఉంది. అక్కడే రూట్ పాస్‌వర్డ్ కొట్టి, నానోతో (టెక్స్ట్ ఎడిటర్) ఆ ఫైలు తెరిచి, ఆ లైను మొదట హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేయండి. మిగిలిన డేటా డ్రైవ్‌లన్నిటికీ యూయూఐడీ (బూట్‌కొకలా మారని గుర్తింపు సంఖ్య) రాసి, ఆప్షన్లలో ‘నోఫెయిల్’ (డ్రైవ్ లేకపోయినా బూట్ ఆగవద్దని) చేర్చండి.