‘నగిషీ’ అంటే ఏమిటి? ‘మాటలకు నగిషీలు చెక్కడం’ మెచ్చుకోలా, ఎత్తిపొడుపా?

నగిషీ అంటే తయారైన వస్తువు మీద అందం కోసం చేసే సన్నని పనితనం. చాలామంది దీన్ని ‘నగ’ నుంచి పుట్టిందనుకుంటారు, కానీ కాదు. ఇది ఉర్దూ, పారశీకాల్లో బొమ్మలు గీయడానికీ, చెక్కడానికీ వాడే ‘నఖ్ఖాషీ’ నుంచి వచ్చింది. మనం వాడే ‘నక్షా’ కూడా ఆ కుటుంబంలోదే.

తిరుపతి వైపు ఉన్నవారు మాధవమాల వెళ్లి కొయ్యబొమ్మలు చెక్కేవారిని ఒకసారి చూడండి. ముందు దుంగలోంచి వేంకటేశ్వరుడి రూపం తీస్తారు. ఆ తర్వాత కిరీటం మీద లతలు, హారంలో పూసలు, మకరతోరణంలో మెలికలు సన్నని ఉలితో తేలుస్తారు. నగిషీ అంటే అదే. అది లేకపోయినా దేవుడు దేవుడే, కానీ చూపు అక్కడ నిలిచేది దానివల్లనే. శ్రీకాళహస్తి కలంకారీకి ఈ మాట వాడటం మూలార్థాన్ని బట్టి తప్పు కాదు. అయినా తెలుగులో నగిషీకి ‘చెక్కడం’ ఎంతగా అతుక్కుపోయిందంటే, కలంతో గీసే పనికి అది నా చెవికి నప్పదు.

ఇక మాటల సంగతి. ‘కథకు నగిషీలు చెక్కాడు’ అంటే సాధారణంగా మెచ్చుకోలే. ‘ఉన్నది చెప్పు, నగిషీలు వద్దు’ అంటే మాత్రం మందలింపు. ‘చిత్రిక పట్టడం’ దీనికి భిన్నం: అది ఎక్కువైనదాన్ని తీసి నునుపు చేయడం.