యాసిడ్, బ్లీచింగ్ కలిపి బాత్రూమ్ కడిగాక దగ్గు తగ్గడం లేదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బోరు నీళ్ల వల్ల బాత్రూమ్ కుళాయి కింద ఎర్రటి చారలు పడ్డాయి. మొన్న బ్లీచింగ్ పౌడర్ చల్లి, పోలేదని దాని మీదే బాత్రూమ్ యాసిడ్ పోశాను. కళ్లు మండి, ఊపిరాడక బయటికి పరుగెత్తాను. రెండు రోజులైనా దగ్గు తగ్గలేదు. ప్రమాదమా? ఇంట్లో ఉన్నవాటితో మరకలు పోవా?
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు దగ్గు సంగతి. మీరు పీల్చింది ఉత్త యాసిడ్ ఘాటు కాదమ్మా, క్లోరిన్ గ్యాస్. బ్లీచింగ్‌కి యాసిడ్ తగిలితే పుట్టేది అదే. గాలి కంటే బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది, గొంతుక్కూర్చుని బ్రష్‌తో రుద్దే మనిషి ముక్కు కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. వెంటనే బయటికి వచ్చి మంచిపని చేశారు.

ఈ గ్యాస్‌తో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం సాధారణంగా మొదటి 24 గంటల్లోనే బయటపడుతుంది, మీకు ఆ గండం గడిచినట్టే. అలాగని మందుల షాపులో సిరప్ కొనుక్కుని ఊరుకోకండి. శ్రీకాకుళం దాకా రానక్కర్లేదు, మీ ఊరి జిల్లా ఆస్పత్రిలోనే ఛాతీకి స్టెతస్కోప్ పెట్టించుకుని, వేలికి క్లిప్ తగిలించి ఆక్సిజన్ చూపించుకోండి. జరిగింది దాచకుండా చెప్పండి, చాలామంది సిగ్గుపడి జలుబు అంటారు! నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, ఛాతీలో పిల్లికూతలు వినిపించినా, ముందునుంచీ ఉబ్బసం ఉన్నా ఈరోజే వెళ్లండి. కూర్చున్నచోటే ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయాల్సిందే.

ఇక మరకలు. ఆ ఎరుపు బోరు నీళ్లలోని ఇనుము. బ్లీచింగ్ దాన్ని వదిలించదు సరికదా, ఇంకా తుప్పు పట్టించి గట్టిపరుస్తుంది, అందుకే మీకు పోలేదు. దానికి పులుపే మందు. ఇత్తడి బిందెని చింతపండుతో తోమినట్టే అనుకోండి. చెంబుడు వేడినీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, పాత గుడ్డ ముంచి చార మీద అరగంట పరిచి ఉంచి, తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఒక్కసారికి పూర్తిగా పోదు, రెండు మూడు రోజులు చేయాలి. పాలరాయి మీద మాత్రం వద్దు, మచ్చ పడుతుంది. కుళాయి చుట్టూ పేరుకునే తెల్ల పొరకి వెనిగర్ చాలు. వీడియోల్లో వెనిగర్‌లో వంట సోడా వేసి నురగ చూపిస్తారు చూడండి, చూడముచ్చటగానే ఉంటుంది కానీ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. సోడాని సబ్బు జిడ్డుకి విడిగా వాడుకోండి.

ఒక్కమాట, నిమ్మ ఉప్పూ యాసిడే. మూలల్లో మొన్నటి బ్లీచింగ్ పొడి మిగిలి ఉంటే మళ్లీ అదే గ్యాస్ వస్తుంది. ముందు ఇంట్లో ఇంకెవరిచేతైనా తలుపు, కిటికీ తీసి నాలుగైదు బకెట్ల నీళ్లు కొట్టించండి, దగ్గు తగ్గేదాకా మీరు వెళ్లకండి. మిగిలిన యాసిడ్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచితే మాత్రం, పిల్లలు దాహమని ఎత్తుకునేలోపు అక్కణ్ణుంచి తీసేయండి.