విరేచనాలు తగ్గి మూడు నెలలైనా తినగానే కడుపునొప్పి, రిపోర్టులన్నీ నార్మల్: సమాధానం

చాలావరకు ఇది ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే ఐబీఎస్, అంటే పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకుండానే కడుపునొప్పి పెట్టే పేగు సమస్య. క్రిమి పోయినా పేగు గోడలోని మాస్ట్ కణాలు (అలర్జీ తెప్పించే రోగనిరోధక కణాలు) ఊరుకోవు. తిన్నదాంట్లో ఏదో ఒకదాన్ని శత్రువనుకుని హిస్టమిన్ అనే రసాయనం వదులుతాయి, పక్కనున్న నరాలు రెచ్చిపోతాయి. 2021లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు ఎలుకల్లో ఇదే చూపించారు. గొడవంతా పేగులోనే కాబట్టి రక్తంలో అలర్జీ పరీక్షకు దొరక్కపోవచ్చు.

1. మందుల షాపులో అడిగి మళ్లీ యాంటీబయాటిక్ వాడకండి. మిగిలిన మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది.

2. రెండు వారాలు పాలు ఆపండి, టీలోవి కూడా. విరేచనాల తర్వాత కొన్నాళ్లు పాలు సరిగా అరగవు, అందుకే ముందు వాటితో మొదలు.

3. అందరూ వదిలేసేది ఇదే: నొప్పి తగ్గాక పాలు మళ్లీ తాగి చూడాలి. మూడు రోజులు, రోజూ ఒక గ్లాసు, మిగతా తిండి ఏమీ మార్చకుండా. ఎన్ని గంటలకు తాగారు, ఎప్పుడు నొప్పొచ్చింది రాసుకోండి. తిరిగొస్తేనే పాలు దోషి. రాకపోతే పాలు తాగండి, తర్వాత గోధుమతో ఇలాగే చూడండి. ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు పాలు, పప్పు, వంకాయ అన్నీ ఒకేసారి మానేసి నీరసపడేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే అసలుది ఎప్పటికీ తేలదు.

4. పడుతుంటే చోడి (రాగి) అంబలి, పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) మానక్కర్లేదు.

మలంలో రక్తం, బరువు తగ్గడం, నిద్రలేపే విరేచనాలు ఉంటే ఈ ప్రయోగాలు వద్దు, బరంపురం మెడికల్ కాలేజీలో చూపించుకోండి.