కాలనీ క్లబ్బులో పిల్లల రక్షణకు నియమాలు పెడితే కోచ్ నొచ్చుకుంటారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కమ్యూనిటీ హాల్లో బ్యాడ్మింటన్ క్లబ్ పెట్టి ఏడాదైందని, 40 మంది దాకా పిల్లలు, వాళ్ళతోపాటు బుద్ధిమాంద్యం ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళు వస్తున్నారని రాశారు. ఒక తల్లి "రక్షణకు నియమాలేమైనా ఉన్నాయా?" అని అడిగితే, కమిటీలో సగం మంది "మన కోచ్ సార్ అట్లాంటి మనిషి కాదు, అడిగితే బాధపడతారు" అన్నారట. ఆ తల్లికి ముందు నా తరఫున నమస్కారం చెప్పండి. మా క్లబ్బులో అలా అడిగినవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

మాది మల్కాజిగిరి వైపు. తొమ్మిదేళ్ళుగా ఇలాంటి క్లబ్బే నడుపుతున్నాం. మొదటి నాలుగేళ్ళు ఒక్క నియమం కూడా రాసుకోలేదు. అందరూ తెలిసినవాళ్ళే, ఒకరి ఇంటికి ఒకరం పోయి భోంచేసేవాళ్ళమే. తర్వాత జరిగింది చెబుతాను. పిల్లవాడెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

వేసవి క్యాంపు అయిపోయి బళ్ళు తెరిచిన కొత్త. పన్నెండేళ్ళ బాబు, చాలా చురుకు. రోజూ అందరికంటే ముందొచ్చి నెట్ కట్టేవాడు. ఉన్నట్టుండి గేటు బయట మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. బూట్ల లేసులు కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చాకే లోపలికి అడుగుపెట్టేవాడు. షటిల్ డబ్బా తెమ్మంటే కిట్ల గదిలోకి పోడు, గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు. బద్ధకం అనుకుని నేను రెండుసార్లు కసిరాను. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

విషయం పట్టుకున్నది వాళ్ళ నాయనమ్మ. ఒక సాయంత్రం గేటు దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "పిలగాడు ఆటకు పోనంటున్నడు బిడ్డా. ఆ సారు బండి మీద దింపుతనంటే ఏడుస్తున్నడు. జర చూడు" అంది.

ఆ సారు మా అసిస్టెంట్ కోచ్. చిన్న బ్యాచ్‌కు నేర్పేవాడు. పిల్లలకు సమోసాలు కొనిపెట్టడం, గేమ్ ఆడుకోమని తన ఫోన్ ఇవ్వడం, ఆలస్యమైతే బైక్ మీద ఇంటి దగ్గర దింపడం, రాత్రి పదింటికి 'రేపు త్వరగా రా' అని మెసేజ్ పెట్టడం, ఇవన్నీ అందరికీ తెలిసే జరిగేవి. ఎంత మంచి సారో అని మేమే మెచ్చుకునేవాళ్ళం. పిల్లల దగ్గర చనువు సంపాదించాలనుకునే మనిషి ముందు పెద్దవాళ్ళ నమ్మకం సంపాదిస్తాడన్నది నాకు అప్పటిదాకా తెలియదు.

అదే రాత్రి కమిటీలో చెప్పాను. "క్లబ్ పరువు పోతుంది", "రుజువేముంది", "ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడుగుదాం" అన్నారు. ఈ చర్చల్లో నాలుగు రోజులు గడిచిపోయాయి. ఈలోపు ఎవరో అతని చెవిన వేశారు. తల్లిదండ్రులు చూసేసరికి ఫోన్లో మెసేజీలు లేవు. ఐదో రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. అవతల మాట్లాడినావిడ మొట్టమొదట చెప్పిన మాట: బాబును మీరెవరూ ఇంకోసారి అడగొద్దు, అతన్నీ పిలిచి నిలదీయొద్దు. అప్పటికే మాలో ముగ్గురం విడివిడిగా ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అడిగేశాం. కేసు నడుస్తోంది కాబట్టి అంతకు మించి రాయను.

చట్టం ఏం చెబుతుందో మీ కమిటీలో బిగ్గరగా చదివి వినిపించండి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళంతా పిల్లలే, ఆడైనా మగైనా. 19వ సెక్షన్ కింద నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. రుజువు వెతకడం మన పని కాదు, చెప్పాలా వద్దా అని కమిటీ ఓటింగు పెట్టుకునే వీలూ లేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు పెట్టడానికి లేదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. పోలీస్ స్టేషన్ అనగానే తల్లిదండ్రులు బెదిరిపోతారు. వాళ్ళకు ఇది చెప్పండి: పిల్లల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లలు కోరిన చోటో తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి. మన హైదరాబాద్‌లో హాకా భవన్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం అక్కడే దొరుకుతాయి, పిల్లవాణ్ణి నాలుగు ఆఫీసులు తిప్పక్కర్లేదు.

ఇక మీ అసలు భయం, కోచ్ నొచ్చుకుంటారని. ఆ సంఘటన తర్వాత మా హెడ్ కోచ్ దగ్గరికి నియమాల కాగితం పట్టుకుని వెళ్ళినప్పుడు నాకూ కాళ్ళు వణికాయి. ఆయన కళ్ళజోడు తీసి మొత్తం చదివి, "ఇది ముందే ఉండాల్సిందమ్మా. రేపు నా మీద ఎవరన్నా మాటంటే నాకూ సాక్షి ఉండాలి గదా" అన్నారు. కాబట్టి మీ కోచ్ గారికి 'మీ మీద అనుమానం' అన్నట్టు కాకుండా, 'ప్రెసిడెంటుకైనా, వాచ్‌మన్‌కైనా, నాకైనా ఇదే' అని చెప్పండి. సంతకం ముందు మీరే పెట్టండి. నియమాన్ని ఒక్కరి కోసం సడలించారంటే అది అందరికీ పోయినట్టే.

మేం చేసిన మొదటి పని కాగితం కాదు, తలుపు. కిట్ల గది చెక్క తలుపు తీయించేసి ఇనుప జాలీ తలుపు పెట్టించాం. గడియ బయటే ఉంటుంది. లోపలి లైటు ఆట సాగినంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. కోర్టులో ఎక్కడ నిలబడ్డా ఆ గదిలో ఎవరున్నారో కనబడుతుంది. వెల్డింగ్ పని ఒక్క పూటలో అయిపోయింది. ఇది నాలుగేళ్ళ ముందు చేసుంటే అని ఆ రోజు నేనక్కడే నిలబడి చాలాసేపు ఏడ్చాను. మీ హాల్లో కూడా ఒకసారి సాయంత్రం తిరిగి చూడండి. మెట్ల కింద, జనరేటర్ వెనక, బాత్‌రూం దారిలో ఎక్కడెక్కడ ఒక పెద్ద మనిషి, ఒక పిల్లవాడు ఎవరి కంటా పడకుండా ఉండగలరో అవే మీరు సరిచేయాల్సిన చోట్లు.

తర్వాతవి మాటల్లో చిన్నవే. ఏ పెద్దవాళ్ళూ ఏ పిల్లవాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండరు. బండి మీద దింపడం లేదు, తల్లిదండ్రులు వచ్చేదాకా ఇద్దరు పెద్దవాళ్ళు ఆగుతారు. పిల్లలకు విడిగా మెసేజీలు లేవు, ఏదైనా తల్లిదండ్రులున్న గ్రూపులోనే. రాకెట్ పట్టు సరిచేయాలంటే ముందు నోటితో చెప్పాలి, చేత్తో చూపించాలి, తాకాల్సి వస్తే అడిగి తాకాలి. వరంగల్ టోర్నమెంటుకు తీసుకెళ్తే పిల్లల గదుల్లో కోచ్‌లు పడుకోరు, ఆడపిల్లలుంటే ఒక మహిళ తప్పనిసరి. ఈ మొత్తంలో బైక్ నియమానికే మాకు ఎక్కువ గొడవైంది, తల్లిదండ్రులతోనే. ఆఫీసు నుంచి ఏడున్నరకు గాని రాలేమంటారు. వాళ్ళ బాధా నిజమే. మేం వంతులేసుకుని ఆగుతున్నాం, ఆ నియమం మాత్రం వదల్లేదు.

పోలీస్ వెరిఫికేషన్ అడిగితే అవమానం అనుకునేవాళ్ళకు 2020 పోక్సో నిబంధనలు చూపించండి. పిల్లలతో రోజూ మెలిగే సంస్థలన్నీ, స్పోర్ట్స్ అకాడమీలను పేరుపెట్టి మరీ, సిబ్బంది అందరికీ వెరిఫికేషన్ చేయించాలని, కొంతకాలానికోసారి మళ్ళీ చేయించాలని అందులో ఉంది. అయితే సర్టిఫికెట్ శుభ్రంగా వచ్చిందని జాలీ తలుపు మానకండి. ఇంతవరకు కేసు లేదన్న సంగతే ఆ కాగితం చెబుతుంది.

బుద్ధిమాంద్యం ఉన్న మీ ఇద్దరు పెద్దవాళ్ళ సంగతి వేరు, దాన్ని పిల్లల నియమాల్లో కలిపేయకండి. మా దగ్గర ఇరవయ్యారేళ్ళ అబ్బాయి ఆడతాడు, డౌన్ సిండ్రోమ్. వాళ్ళమ్మ రోజూ జేబులో వంద రూపాయలు పెట్టి పంపేది. మా పెద్ద బ్యాచ్ కుర్రాళ్ళు రోజూ అతనితోనే కూల్‌డ్రింకులు కొనిపించేవాళ్ళు, సరదాకే అనుకుంటూ. అతను స్నేహితులు దొరికారని సంతోషంగా కొనేవాడు. అది దోపిడీ అని మాకు తట్టడానికే నెలలు పట్టింది. పోక్సో అతనికి వర్తించదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 7వ సెక్షన్ ఉంది. హింస, దోపిడీ జరుగుతోందని తెలిసిన ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు (తహసీల్దార్, ఆర్డీఓ లాంటి అధికారికి) చెప్పవచ్చు. మేం అంతదాకా పోలేదు. కుర్రాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాం, డబ్బు తిరిగి ఇప్పించాం. వాళ్ళమ్మతో మాట్లాడకముందే అతనితో మాట్లాడాం. అతను పెద్ద మనిషి, తన డబ్బు, తన స్నేహం, తన నిర్ణయం. "ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెబుతావు?" అంటే మా వాచ్‌మన్ భార్యను చూపించాడు. ఇప్పుడు అతను ఏదైనా చెప్పుకునేది ఆవిడకే. మీరూ వాళ్ళిద్దర్నీ అడగండి, వాళ్ళు చూపించినవాళ్ళకే ఆ బాధ్యత ఇవ్వండి.

ఇంకోటి. లావుగా ఉన్న పిల్లను 'బస్తా' అనడం, ఓడితే గుంజీలు తీయించడం, ఏప్రిల్ ఎండలో నీళ్ళు తాగనివ్వకపోవడం కూడా ఇందులోకే వస్తాయి. రోజూ తిట్లు తినే పిల్లలు పెద్ద కష్టం వచ్చినా మీకు చెప్పరు.

ఈ ఆదివారం చేయాల్సింది చెబుతాను. ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు హాల్ గోడ మీద అంటించండి. ఒకరు మహిళ అయ్యుండాలి, ఒకరు కమిటీకి బయటివాళ్ళు అయ్యుండాలి. కింద 1098, 112 పెద్ద అంకెల్లో. పదేళ్ళ పిల్లలకు అందే ఎత్తులో పెట్టండి. మొదట మేం నోటీసు బోర్డు పైన అంటించాం, పెద్దవాళ్ళకే కనబడేది. పిల్లల్ని అక్కడికి పిలిచి చదివించండి. ఎవరైనా వచ్చి చెబితే చేస్తున్న పని ఆపి వినండి. 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకండి, ఇచ్చినా నిలబెట్టుకోలేరు. 'నాకు చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు' అనండి. వాళ్ళ మాటల్లోనే రాసి, తేదీ, టైము వేసి, అదే సాయంత్రం 1098కో, 112కో ఫోన్ చేయండి.

ఆ బాబు మళ్ళీ బ్యాడ్మింటన్‌కు రాలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, కాలేజీలో వాలీబాల్ ఆడుతున్నాడని నాయనమ్మ చెప్పింది. మేం రాసుకున్న కాగితం మీకు కావాలంటే అడగండి, పంపిస్తాను.