పొదుగు గట్టిపడిన గొర్రెను ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: పిల్లలకు పాలు మాన్పించాం. పొట్టేలును కలపడానికి రెండు నెలల టైముంది. మందలో ఒక గొర్రెకు పొదుగు ఒక పక్క గట్టిగా ఉంది. ఒకదానికి పోయినసారి ఈతకు ముందు మెయ్య (యోని లోపలి భాగం) బయటికి వచ్చింది. ఒకటి కుంటుతోంది, ఇంకొకటి ఎంత మేపినా చిక్కిపోతోంది. చేతుల మీద పెరిగినవి, అమ్మబుద్ధి కావడం లేదు. వేటిని ఉంచుకోవాలి?

జవాబు: సరైన సమయంలో అడిగారు. పొట్టేలు కలవక ముందే తేల్చుకోవాలి. ఐదు నెలలు చూడి గొర్రెగా మేపి, తీరా ఈనాక పాలు లేవని తెలిస్తే మేత ఖర్చు పోతుంది. ఆకలికి అరిచే పిల్లకు సీసా పాలు పట్టే పని మీ మీద పడుతుంది.

మెయ్య వచ్చినదాన్ని తీసేయండి. వచ్చే చూడిలో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అప్పుడు తల్లీపిల్లా రెండూ దక్కకపోవచ్చు. దాని ఆడపిల్లలనూ మందకు ఉంచుకోకండి, ఈ గుణం వాటికీ రావచ్చు.

పొదుగు గురించి తొందరపడకండి. పాలు మాన్పిన కొత్తలో ఏ పొదుగైనా నిండి గట్టిగానే ఉంటుంది. మూడు నాలుగు వారాలాగి, గొర్రెను నిలబెట్టి వెనక నుంచి రెండు సగాలనూ రెండు చేతులతో పట్టి పోల్చండి. వట్టిపోయిన పొదుగు ఖాళీ తోలుసంచిలా మెత్తగా జారాలి. లోపల గోలీ అంత గడ్డ తగిలినా, చనుమొన నడుమ తాడులాంటి గట్టిదనం ఉన్నా అది పాత పొదుగువాపే. ఆ సగంలో పాలు మళ్లీ వస్తాయని ఆశ పెట్టుకోవద్దు, ఎన్ని సూదులు వేయించినా గట్టిపడిన కండ తిరిగి పాలివ్వదు. రెండో సగంతో ఒక పిల్లను సాకవచ్చు, కవలలు పుడితే మాత్రం ఒకటి ఆకలితో మాడుతుంది. గడ్డలో చీము ఉంటే ఈనాక జబ్బు తిరగబెడుతుంది కూడా. నేనైతే ఉంచను.

కుంటేదానికి మాత్రం అవకాశం ఇవ్వండి. గిట్టల సందు ఎర్రబడి, చెడు వాసన కొడుతూ, గిట్ట అంచు ఊడివస్తుంటే అది గిట్ట కుళ్లు. రక్తం వచ్చేలా గిట్ట చెక్కకండి, పుండు మానడం ఆలస్యమవుతుంది. విడిగా కట్టేసి, పశువైద్యుడి చేత యాంటీబయాటిక్ వేయించండి. వైద్యం చేయించినా పదేపదే కుంటుతుంటే అమ్మేయండి, మిగతావాటికి అంటిస్తుంది.

చిక్కిపోయినదాని నోరు తెరిచి చూడండి. కింది దవడ ముందుభాగంలో ఎనిమిది పళ్లుండాలి. ఊడిపోయి ఉంటే మేత కొరకలేదు, ఇక కోలుకోదు. పళ్లు బాగుంటే కింది కనురెప్పను కిందికి లాగండి. లోపల పాలిపోయి తెల్లగా ఉన్నా, దవడ కింద నీరు చేరినా కడుపులో నట్టలనో (పురుగులు), కాలేయంలో జలగలనో అనుమానించాలి. పెంటికలు పరీక్ష చేయించి మందు తాగిస్తే తేరుకుంటుంది. అవేవీ లేకుండా, మేత బాగానే తింటూ ఎముకలు తేలుతుంటే పేగులకు వచ్చే జోనిస్ వ్యాధికి పరీక్ష చేయించండి. దానికి వైద్యం లేదు, పెంటికల ద్వారా పిల్లలకు సోకుతుంది.

అమ్మే ముందు, వాడిన ప్రతి మందుకూ, మాంసానికి కోసే ముందు ఎన్ని రోజులు ఆగాలో డాక్టరును అడగండి. మెయ్య, పొదుగు జబ్బు ఉన్నవాటిని పెంపకానికని ఇంకో రైతుకు మాత్రం అంటగట్టకండి.