ఫోన్‌లో చూస్తే చెయ్యి తిరుగుతుందా?

ప్రశ్న: మేడమ్, నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పి.గన్నవరం వైపు, గోదావరి మధ్య లంక ఊరు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మా కాజ్‌వే మునిగిపోతుంది, ఇక పడవే దిక్కు. ఆ రోజుల్లో రికార్డు చేసిన క్లాసులు, ప్రాక్టికల్ వీడియోలు ఫోన్‌లో చూస్తున్నాను. చూసేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. తీరా ల్యాబ్‌లో చెయ్యి వెయ్యమంటే తడబడుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. వెనకబడిపోయినట్టేనా?

జవాబు: లేదు తల్లీ. కానీ ‘వచ్చినట్టే ఉంటుంది’ అని రాశావు చూడు, జబ్బు అక్కడుంది.

2020 లాక్‌డౌన్‌లో నేనూ పాలకొల్లులో మా పడగ్గదిలో కూర్చుని ఫోన్‌కి పాఠాలు చెప్పాను. మోకాలి వంపు కొలవడం ఒక పాఠం. గోనియోమీటర్ (కీలు కోణం కొలిచే రెండు పుల్లల పరికరం) ఇరుసు తొడ ఎముక కింది చివర బయటి ఉబ్బు మీద, కదలని పుల్ల తుంటి పక్కన తగిలే ఎముక వైపు, కదిలే పుల్ల చీలమండ బయటి గుబ్బ వైపు. పిల్లలందరూ గడగడా అప్పజెప్పారు. కాలేజీ తెరిచాక ఒకబ్బాయిని పెట్టమంటే, ఇరుసు తీసుకెళ్లి మోకాలిచిప్ప అంచు మీద పెట్టాడు! వాణ్ణి ఏమనగలను? వీడియోలో నా వేలు కనిపించింది గానీ, నా వేలికి తగిలింది వాడికి తగల్లేదు కదా.

థియరీకి ఫోన్ మంచిదే. బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి దిగే నరాల అల్లిక) మాకు సారు ఒక్కసారి గీసి తుడిపేసేవారు. నువ్వు పదిసార్లు ఆపుకుని చూడొచ్చు. కండరాల బలం దగ్గరికి వస్తేనే చిక్కు. గ్రేడ్లు 0 నుంచి 5 దాకా. 3 అంటే ఎవరూ నొక్కకుండా, భూమి ఆకర్షణకి ఎదురు లేపగలగడం, అది కంటికి కనిపిస్తుంది. 4కీ 5కీ తేడా మాత్రం నీ చెయ్యి ఎదురు నొక్కితేనే తెలుస్తుంది. కీలు ఆగే తీరూ అంతే. మోచెయ్యి పూర్తిగా చాపితే ఎముకకి ఎముక తగిలి టక్కున ఆగుతుంది. మోకాలు మడిస్తే పిక్క తొడకి ఆనుకుని మెత్తగా ఆగుతుంది. ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇంట్లో ఎవరి మీదైనా ఇప్పుడే చేసి చూడు.

పది నిమిషాల వీడియో చూస్తే ఫోన్ బోర్లించి అరగంట చెయ్యి వెయ్యాలి. లంకలో మనుషులకి కొదవా? నిజానికి ల్యాబ్ కంటే నీ ఊరే నయం. ల్యాబ్‌లో అందరూ ఇరవై ఏళ్ల సన్నటి పిల్లలే, ఎముకలు వాటంతటవే దొరుకుతాయి. నాట్లు వేసి వేసి వాచిన నాయనమ్మ మోకాలి దగ్గర వెతుక్కోవాలి. కొబ్బరి దింపు తీసే బాబాయి భుజం మరో రకం. అడిగి, ఒప్పుకుంటేనే ముట్టుకో. ఐబ్రో పెన్సిల్‌తో గుర్తు పెట్టి కొలువు, తుడిపేసి మళ్లీ వెతుకు. ఇలా మూడుసార్లు కొలిచినా అయిదు డిగ్రీల తేడా లోపు వస్తే చెయ్యి కుదురుతున్నట్టే. చూపించడానికి వీడియో తీస్తే ఫోన్‌ని బియ్యం డబ్బా మీద మోకాలి ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి పెట్టు. ఏటవాలుగా పెడితే కోణం తప్పుగా కనిపిస్తుంది, మీ సారు నిన్ను తిడతారు.

ఇంకోటి, బరువు చూసుకునే మెషిన్ ఉంటే కళ్లు మూసుకుని బొటనవేళ్లతో రెండు కిలోలు నొక్కి, కళ్లు తెరిచి చూడు. మొదటి రోజు నాకు అయిదు చూపించింది.

డాక్టరమ్మ వచ్చిందని ఊరంతా నడుములు పట్టుకుని నీ గుమ్మం ముందు నిలబడతారు, నాకు తెలుసు. కొలవడం వరకే. మెడలు తిప్పడం, కీళ్లు లాగడం ఎవరు బతిమాలినా చెయ్యకు. నీళ్లు తీశాక ల్యాబ్‌లో పోయిన గంటలు అడిగి మరీ చేయించుకో. మొహమాటపడితే నీకే నష్టం.

ప్రశ్న: ఇంట్లోంచే ఫిజియోథెరపీ డిగ్రీ అని ఫోన్‌లో ప్రకటన వచ్చింది. మా అమ్మాయిని చేర్చమంటారా? (ఒక తండ్రి, భీమవరం)

జవాబు: వద్దండి. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వకూడని డిగ్రీల్లో ఫిజియోథెరపీ ఉందని యూజీసీ 2020 నిబంధనల్లోనే ఉంది. పై ఉత్తరం రాసిన అమ్మాయి కాలేజీలో చేరి, వరద రోజుల్లో ఫోన్ చూస్తోంది. మీకు వచ్చిన ప్రకటన సంగతి వేరు. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల జాబితా చూసి, మీకు దగ్గర్లో ఉన్నదానికి ఒకసారి స్వయంగా వెళ్లి రండి. ల్యాబ్‌లో మంచాలెన్ని, పిల్లలెందరు అని లెక్కపెట్టాకే ఫీజు మాట ఎత్తండి.